శనివారం పొద్దుటి కార్టూన్ క్యాసెట్లు: ఏది కొనాలి, ఏది పారెయ్యకూడదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీవారు 1975లో డెట్రాయిట్ దగ్గర పుట్టి అక్కడే పెరిగారు, వచ్చే నెల యాభై నిండుతాయి. గరాజ్ సర్దుతుంటే అట్టపెట్టె నిండా వీహెచ్‌ఎస్ క్యాసెట్లు బయటపడ్డాయి. కొన్ని బొమ్మల అట్టలతో కొట్లో కొన్నవి, కొన్నిటి మీద పిల్లచేతి రాతతో "శాటర్‌డే, డోంట్ టచ్" అని ఉంది, అంటే అమెరికా టీవీలో శనివారం పొద్దున వచ్చే కార్టూన్లు ఇంట్లో రికార్డు చేసుకున్నవి. ఆయన్ని సంతోషపెడదామని మీరు ఆ రోజుల సూపర్‌హీరోల కార్టూన్ "సూపర్ ఫ్రెండ్స్" డీవీడీ కొనుక్కొచ్చి పెడితే, పది నిమిషాలు చూసి "ఇది ఇంత పేలవంగా ఉండేదా?" అని ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. ఇప్పుడు మీరు అడుగుతున్నవి మూడు. ఇంతకంటే మంచి ప్రింటు ఎక్కడైనా దొరుకుతుందా? క్యాసెట్లు పారేసి చోటు చేసుకోవచ్చా? అలాంటి సెట్టే విజయవాడలో మీ తమ్ముడికి పంపితే అక్కడ ఆడుతుందా?

జవాబు ముందే చెప్పేస్తాను. కొట్లో కొన్న క్యాసెట్లు పారేసినా ఏమీ పోదు. పిల్లచేతి రాత ఉన్నవి మాత్రం నేను చెప్పేదాకా ముట్టుకోకండి. అవి వీసీఆర్‌లో కూడా పెట్టకండి. మీవారికి కావలసింది డీవీడీలో లేదు, వాటిలో ఉంది.

నేనెవరో చెప్పకుండా ఇలా శాసించడం బాగుండదు కాబట్టి రెండు ముక్కలు. ఇరవై ఏళ్ళకు పైగా పాత వీడియో టేపులు డిజిటల్‌లోకి మార్చడమే నా పని. వచ్చేవాటిలో సగం మనవాళ్ళ పెళ్ళి క్యాసెట్లు, పిల్లల బారసాలలు. కార్టూన్లు నా పిచ్చి. 1978 ఆగస్టులో, గుడివాడలో ఐదో తరగతి పూర్తిచేసి అమ్మానాన్నలతో ఒహాయోలోని సిన్సినాటికి వచ్చాను. నాకప్పుడు పదేళ్ళు. సెప్టెంబరు 9, శనివారం పొద్దున "ఛాలెంజ్ ఆఫ్ ది సూపర్ ఫ్రెండ్స్" మొదటి ఎపిసోడ్ వచ్చింది. నాకు ఇంగ్లీషు సరిగా రాదు. అయినా పుర్రెలాంటి నల్లటి గూడు బురదగుంటలోంచి పైకి లేస్తుంటే అందులో ఉన్నవాళ్ళు దుర్మార్గులని అర్థం కావడానికి ఇంగ్లీషు ఎందుకు? విలన్లు పదముగ్గురు, హీరోలు పదకొండుమంది. మన జానపద సినిమాలు చూసి పెరిగినవాడికి ఆ లెక్క బాగానే నచ్చింది.

ఆ నెలలోనే నాన్న కొత్తగా కొన్న పాత కారులో ఎక్కడికో వెళ్తున్నాం. హైవే మీంచి పక్కకి చూస్తే అర్ధచంద్రాకారంలో పెద్ద భవనం, మధ్యలో గడియారం, ముందు ఫౌంటెన్. "అమ్మా, హాల్ ఆఫ్ జస్టిస్!" అని అరిచాను. నాన్న ఉలిక్కిపడి కారు ఆపబోయారు. అది సిన్సినాటి యూనియన్ టెర్మినల్, 1933లో కట్టిన రైల్వే స్టేషన్. 1972లో రైళ్ళు ఆగిపోయి అప్పటికి ఖాళీగా పడి ఉంది. "సూపర్ ఫ్రెండ్స్" తీసిన హన్నా-బార్బెరా స్టూడియోని 1967లో కొన్న టాఫ్ట్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీది మా ఊరే. స్టూడియో చిత్రకారులు హీరోల కార్యాలయానికి ఆ భవనాన్నే నమూనాగా తీసుకున్నారు. నాకు అది పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు మాత్రం అమ్మ, "సూపర్‌మాన్ మన ఊళ్ళోనే ఉంటాట్ట, ఇక నీకు భయం లేదు" అంది.

ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే నేనేదో స్వర్గం గురించి రాస్తున్నాననుకుంటారు. సోమవారం బడి మైదానంలో అందరూ ఆ ఆట ఆడేవాళ్ళు. సూపర్‌మాన్, బ్యాట్‌మాన్, ఆక్వామాన్ ముందే పంచుకునేవాళ్ళు. నా దగ్గరికి వచ్చేసరికి "నువ్వు ఇండియన్ కదా, నువ్వు అపాచీ చీఫ్" అన్నారు. అపాచీ చీఫ్ అమెరికా ఆదివాసీ వీరుడు, "ఇనుక్‌చుక్" అనగానే యాభై అడుగుల ఎత్తు పెరిగిపోతాడు. ఏ ఇండియనో విడమరిచి చెప్పేంత భాష నాకు రాదు. చెప్పగలిగే భాష వచ్చేసరికి ఆ పాత్ర నాదే అయిపోయింది. రెండేళ్ళపాటు నేను మునివేళ్ళ మీద లేచి యాభై అడుగులు పెరుగుతూనే ఉన్నాను.

సరే, అసలు విషయానికి వస్తాను. డీవీడీ ఎందుకు పేలవంగా కనిపించింది?

ముందు మీ టీవీ సంగతి చూడండి. చాలా కొత్త టీవీల్లో మోషన్ స్మూతింగ్ అని ఒకటి ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది. క్రికెట్‌కి బాగుంటుందేమో కానీ కార్టూన్‌ని చంపేస్తుంది. సినిమా ఫిల్ములో సెకనుకి 24 ఫ్రేములు. మంచి థియేటర్ కార్టూన్‌లో ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలిపితే సెకనుకి 12 బొమ్మలు గీసినట్టు. టీవీ కార్టూన్‌లో ఒకే బొమ్మని మూడు, నాలుగు ఫ్రేములు నిలుపుతారు, ఒక్కోసారి నోరు తప్ప మనిషి మొత్తం శిలావిగ్రహం. టీవీ ఏం చేస్తుందంటే, రెండు బొమ్మల మధ్య తనకి తోచిన బొమ్మలు కల్పించి అతికిస్తుంది. అప్పుడు బ్యాట్‌మాన్ నీళ్ళలో తేలుతున్నట్టు కదులుతాడు. దాన్ని ఆపేయండి. అలాగే బొమ్మని అడ్డంగా సాగదీసి తెర నింపుతున్నారేమో చూడండి. ఆ రోజుల్లో తీసినవన్నీ నాలుగుకి మూడు నిష్పత్తిలో తీసినవి, అటూ ఇటూ నల్లపట్టీలు ఉండాల్సిందే. సూపర్‌మాన్‌కి పొట్ట వచ్చినట్టు కనిపించిందంటే మీరు సాగదీశారన్నమాట.

ఈ రెండూ సరిచేశాక కూడా కొంత పేలవంగానే ఉంటుంది. ఎందుకంటే అది పేలవంగానే ఉండేది. నిజం చెప్పడానికి మొహమాటం దేనికి? 1941లో ఫ్లైషర్ స్టూడియో థియేటర్ల కోసం తీసిన మొదటి సూపర్‌మాన్ కార్టూన్‌కి దాదాపు 50 వేల డాలర్లు ఖర్చయిందంటారు. పట్టుమని పది నిమిషాలుంటుంది. టీవీకి అంత డబ్బు ఎవరిస్తారు? వారం వారం అరగంట నింపాలి. 1966లో సీబీఎస్ ఛానల్ కోసం "న్యూ అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మాన్" తీసిన ఫిల్మేషన్ కంపెనీ, ఎగిరే షాటు ఒకసారి గీసి దాచుకుని ప్రతి ఎపిసోడ్‌లోనూ వాడేది. 1967 నాటి "స్పైడర్ మాన్" ఇంకా తమాషా. సాలెగూడు గీతలు ముసుగు మీద, చేతి తొడుగుల మీద, బూట్ల మీద గీసి, మిగతా దుస్తులు ఖాళీగా వదిలేశారు. ప్రతి బొమ్మలోనూ అన్ని గీతలు గీయాలంటే ఎంతమంది కావాలి? ఆ సీరియల్ చివరి సీజన్‌లోనైతే "రాకెట్ రాబిన్ హుడ్" అనే ఇంకో కార్టూన్ ఎపిసోడ్లు తీసుకుని హీరోని మార్చేశారు. అయినా రాల్ఫ్ బాక్షీ అనే దర్శకుడి చేతికొచ్చాక ఆ సీరియల్లో ఆకాశానికి పట్టిన ఆకుపచ్చ, ఊదా రంగులు నాకు ఇప్పటికీ ఇష్టం. డబ్బు లేనప్పుడు పుట్టిన అందం అది.

కథల పేలవత్వానికి కారణం వేరు. 1966, 67లలో శనివారం పొద్దున నిండా హీరోలే, నిండా గుద్దులే. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ ఇద్దరూ హత్యకు గురయ్యాక టీవీలో హింస మీద దేశం విరుచుకుపడింది. బోస్టన్ దగ్గర తల్లులు "యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్" అని సంఘం పెట్టింది కూడా ఆ ఏడాదే. ఛానళ్ళు భయపడి హీరోలని ఒక్కొక్కరినే సాగనంపాయి. 1973 సెప్టెంబరు 8న ఏబీసీ ఛానల్ "సూపర్ ఫ్రెండ్స్" మొదలుపెట్టినప్పుడు హీరోలు తిరిగొచ్చారు కానీ, ఎవరినీ కొట్టడానికి లేదు. ప్రపంచంలోకెల్లా బలవంతుడు పిడికిలి బిగించకూడదు! దాంతో మొదటి ఏడాది విలన్లంటే ఎక్కువగా మంచి ఉద్దేశంతో దారితప్పిన శాస్త్రవేత్తలే. చివర్లో బుద్ధి చెప్పి వదిలేస్తారు. వీళ్ళకి తోడు వెండీ, మార్విన్ అని ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. 1977లో వాళ్ళ స్థానంలో కవలలు వచ్చారు. వాళ్ళలో తమ్ముడు నీళ్ళుగా మారతాడు, ఆ నీళ్ళని బకెట్‌లో పట్టుకుని కోతి మోస్తుంది. మీవారికి ఆ బకెట్ తప్పకుండా గుర్తుంటుంది.

బొమ్మ మసకగా, మరకలతో ఉండటానికి ఇంకో కారణం ఉంది. కార్టూన్ బొమ్మని పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద గీసి, వెనక రంగు నింపి, నేపథ్యం మీద పరిచి కెమెరాతో ఒక్కో ఫ్రేము తీసేవాళ్ళు. షీటు మీద దుమ్ము పడుతుంది, కింద నీడ పడుతుంది. నిరుడు ఒక ఎపిసోడ్‌ని పెద్ద తెర మీద ఆపి ఆపి చూశాను. వండర్ ఉమన్ భుజం పక్కన చిన్న వెంట్రుక. నాలుగు ఫ్రేములు ఉంది, పోయింది, మాట పూర్తయ్యాక మళ్ళీ వచ్చింది. అంటే అదే షీటు మళ్ళీ పెట్టారన్నమాట. లాస్ ఏంజెలెస్‌లో ఎవరో కుర్చీలో కూర్చుని వందోసారి ఆ షీటు మార్చిన చేయి నాకు కనిపించినట్టయింది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో ఇదేదీ కనబడేది కాదు. ఆ గాజు తెర కొంచెం కాంతిని చిందిస్తుంది, గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. వాళ్ళు ఆ తెరని మనసులో పెట్టుకునే గీశారు.

మంచి ప్రింటు విషయం. ఎవరి కార్టూన్ ఎవరి చేతిలో ఉందో తెలిస్తే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది. హన్నా-బార్బెరాని 1991లో సీఎన్‌ఎన్ పెట్టిన టెడ్ టర్నర్ కొన్నాడు, 1996లో టర్నర్ కంపెనీ వార్నర్‌లో కలిసింది. సూపర్‌మాన్, బ్యాట్‌మాన్‌ల కంపెనీ డీసీ కామిక్స్ ముందునుంచీ వార్నర్‌దే. అలా బొమ్మలూ హీరోలూ ఒక గూటికి చేరాయి కాబట్టే "సూపర్ ఫ్రెండ్స్" దాదాపు అన్ని సీజన్లూ 2004 నుంచి విడతలుగా డీవీడీల మీద వచ్చాయి. 1983లో తయారై అమెరికాలో ఆ ఏడాది ప్రసారం కాని ఎపిసోడ్లు కూడా 2009లో వచ్చాయి. మీవారి వయసుకి నేను చెప్పేది 1985 నాటి "సూపర్ పవర్స్ టీమ్: గలాక్టిక్ గార్డియన్స్", డీవీడీ 2007లో వచ్చింది. బ్యాట్‌మాన్‌కి గొంతు ఇచ్చింది ఆడమ్ వెస్ట్, అరవైల్లో టీవీలో ఆ వేషం కట్టిన నటుడే. అందులో "ది ఫియర్" అనే ఎపిసోడ్ ఉంది. బ్యాట్‌మాన్ తల్లిదండ్రుల హత్యని కామిక్ పుస్తకాల బయట మొదట చూపించింది అదే. ఈ సీరియల్ మొత్తంలో పేలవం అనడానికి వీల్లేని ఎపిసోడ్ ఏదైనా ఉంటే అది. మీరు మళ్ళీ డీవీడీ పెడితే దానితో మొదలుపెట్టండి.

స్పైడర్ మాన్ కంపెనీ మార్వెల్ సంగతి చిక్కు. 2001లో డిస్నీ ఒక కేబుల్ ఛానల్ కోసం ఫాక్స్ ఫ్యామిలీని కొంటే, దానితోపాటు పాత మార్వెల్ కార్టూన్ల గంప కూడా వచ్చిపడింది. మార్వెల్‌ని కొన్నది ఆ తర్వాత ఎనిమిదేళ్ళకి. కాబట్టే 1967 "స్పైడర్ మాన్" 52 ఎపిసోడ్ల సెట్టు 2004లో డిస్నీవాళ్ళ పంపిణీలో వచ్చింది. ఇప్పుడు కొత్తది దొరకదు, సెకండ్ హ్యాండే. 1981లో ఎన్‌బీసీలో మొదలైన "స్పైడర్ మాన్ అండ్ హిజ్ అమేజింగ్ ఫ్రెండ్స్" మాత్రం అమెరికాలో పూర్తి సెట్టుగా అధికారికంగా రాలేదు. మీవారు ఆరేళ్ళప్పుడు వచ్చిన సీరియల్ కాబట్టి ఆయన అడిగేది బహుశా ఇదే. డిస్నీ ప్లస్‌లో చూడొచ్చు. ఫైర్‌స్టార్ అనే అమ్మాయిని ఈ సీరియల్ కోసమే పుట్టించారు. హ్యూమన్ టార్చ్‌ని వాడుకునే హక్కు లేక నిప్పు శక్తి ఉన్న ఇంకొకరు కావలసి వచ్చింది. కామిక్ మేళాల్లో టేబుల్ మీద పరిచి అమ్మే "కంప్లీట్ సిరీస్" డిస్కులు కొనకండి. టీవీలో రికార్డు చేసినదాన్ని కాపీకి కాపీ కొట్టినవి అవి. ఆ మాటకొస్తే మీ గరాజ్‌లో ఉన్నదే నయం, అది మొదటి కాపీ.

తొంభైలవి కావాలంటే పని సులువు. 1992 అక్టోబరు 31న ఫాక్స్‌లో మొదలైన "ఎక్స్-మెన్" 76 ఎపిసోడ్లూ డీవీడీల మీదా, స్ట్రీమింగ్‌లోనూ ఉన్నాయి. అదే ఏడాది మొదలైన బ్యాట్‌మాన్ సీరియల్ 2018లో బ్లూ-రే మీద వచ్చింది, చాలా బాగుంది. నల్లకాగితం మీద నేపథ్యాలు గీసిన పనితనం అందులోనే పూర్తిగా కనబడుతుంది. కాకపోతే అది ఎక్కువగా బడి వదిలాక సాయంత్రం వచ్చేది. దాన్ని శనివారం కార్టూన్ అంటే నేను ఒప్పుకోను. ఫ్లైషర్ సూపర్‌మాన్‌కి కూడా 2023లో బ్లూ-రే వచ్చింది. అందులో ఫిల్ము గరుకుదనం మరీ తుడిచేశారని నా ఫిర్యాదు. ముసలాయనకి పౌడర్ కొట్టినట్టుంది.

ఇప్పుడు క్యాసెట్లు. బొమ్మల అట్టలవి ఎందుకు పారెయ్యొచ్చన్నాను? ఎనభైల్లో పిల్లల క్యాసెట్లు చవగ్గా అమ్మడానికి చాలామంది వాటిని నిదాన వేగంలో నింపేవాళ్ళు. మామూలు టీ-120 టేపు మంచి వేగంలో రెండు గంటలు, నిదాన వేగంలో ఆరు గంటలు తిరుగుతుంది. బొమ్మ మాత్రం అందుకు తగ్గట్టు అలుక్కుపోతుంది. పైగా ఒక్కో క్యాసెట్లో రెండో మూడో ఎపిసోడ్లు. ఫ్లైషర్ సూపర్‌మాన్ పదిహేడూ కాపీరైటు లేనివి కాబట్టి ఎవడుపడితే వాడు క్యాసెట్టు వేసి, సూపర్ మార్కెట్ బిల్లు కౌంటర్ దగ్గర పెట్టి అమ్మాడు. ఎనభైల మధ్యలో ప్రిజం అనే కంపెనీ వేసిన మార్వెల్ క్యాసెట్ల అట్టలు బాగుంటాయి. అవి ఉంటే అట్టలు అలమారలో పెట్టుకోండి, టేపు కోసం కాదు. ఈ కార్టూన్లలో చాలావరకు డిస్కు మీదో స్ట్రీమింగ్‌లోనో ఇంతకంటే బాగా దొరుకుతాయి.

పిల్లచేతి రాత ఉన్నవి అలా కాదు. 1984 జనవరి 17న అమెరికా సుప్రీంకోర్టు, ఇంట్లో టీవీ కార్యక్రమం రికార్డు చేసుకుని తర్వాత చూడటం తప్పు కాదని తీర్పిచ్చింది. నలుగురు వద్దంటే ఐదుగురు సరేనన్నారు. పిల్లల కార్యక్రమాల ఫ్రెడ్ రోజర్స్ కూడా రికార్డింగ్ వైపే సాక్ష్యం చెప్పాడు. ఆ తర్వాతే వీసీఆర్లు ఇంటింటికీ వచ్చాయి, మీవారికి తొమ్మిదేళ్ళు. పొద్దున లేచి బటన్ నొక్కి, మధ్యాహ్నందాకా టేపుని తిరగనిచ్చి ఉంటాడు. ఆ టేపులో కార్టూన్ ఒక్కటే లేదు. ఏబీసీ అయితే మధ్యలో "స్కూల్‌హౌస్ రాక్" పాటలుంటాయి, వ్యాకరణమూ లెక్కలూ పాడించిన మూడు నిమిషాల ముక్కలు. సీబీఎస్ అయితే "ఇన్ ద న్యూస్" అని పిల్లలకి వార్తలు. ఎన్‌బీసీ అయితే "వన్ టు గ్రో ఆన్" అని నీతి బోధలు. యాడ్స్‌కి వెళ్ళేముందు, వచ్చేముందు వచ్చే చిన్న ముక్కల్ని బంపర్లంటారు. పాలలో వేసుకుని తినే, చక్కెర పూసిన బ్రేక్‌ఫస్ట్ సీరియల్ యాడ్లు, కాళ్ళు నొక్కితే చేతులతో గుద్దే కెన్నర్ కంపెనీ సూపర్ పవర్స్ బొమ్మల యాడ్లు. తెరమీద కొట్టడానికి వీల్లేని హీరో యాడ్‌లో మాత్రం గుద్దేవాడు! అడుగున జారిపోయే మంచు తుఫాను హెచ్చరిక. మీ ఊరి స్టేషన్ పేరు.

డిస్కు వేసే కంపెనీ ఇవన్నీ కోసేస్తుంది. కోయక తప్పదు, హక్కులు వేరేవాళ్ళవి. అందుకే డీవీడీలో ఎపిసోడ్ అయిన వెంటనే ఇంకో ఎపిసోడ్ మొదలవుతుంది. మధ్యలో ఊపిరి ఉండదు. వంటింట్లోకి పరుగెత్తి గిన్నెలో పాలు పోసుకుని తిరిగొచ్చే వ్యవధి ఉండదు. వారమంతా ఎదురుచూసి, ఎనిమిదింటికి కూర్చుని, పన్నెండింటికి పెద్దవాళ్ళ కార్యక్రమాలు మొదలవగానే నిస్పృహ పడే ఆ నాలుగు గంటల ఆకారం డిస్కులో లేదు. మీవారు ఫోన్ తీసుకున్నది అందుకని నా అనుమానం. ఆ ఆకారం ఇప్పుడు టీవీలో కూడా లేదు. కేబుల్ ఛానళ్ళు రోజంతా కార్టూన్లు వేస్తుంటే శనివారం కోసం ఎవరు ఆగుతారు? 1996 నాటి నిబంధనతో స్టేషన్లు వారానికి మూడు గంటలు విద్యాసంబంధ కార్యక్రమాలు వేయాల్సి వచ్చి, వాటిని శనివారం పొద్దున్నే సర్దేశాయి. పెద్ద ఛానళ్ళలో చివరి కార్టూన్ వరస సీడబ్ల్యూలో 2014 సెప్టెంబరు 27న ఆగిపోయింది.

దీని విలువ నాకు తెలిసింది నా సొంత నష్టం వల్ల. 1985లో నేను రికార్డు చేసుకున్న టేపు మీద అమ్మ తెలుగు సినిమా ఎక్కించింది. ఊళ్ళో ఇండియన్ కొట్టు నుంచి అద్దెకి తెచ్చిన క్యాసెట్, మర్నాడు తిరిగిచ్చెయ్యాలి, ఇంట్లో ఖాళీ టేపు లేదు. నేను వెనక వైపు ట్యాబ్ విరవడం మర్చిపోయాను. ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేస్తే మళ్ళీ రికార్డు కాదు. అప్పుడు పోట్లాడి రెండు రోజులు మాట్లాడలేదు. పదిహేడేళ్ళవాడికి కార్టూన్లేమిటని నాన్న నన్నే తిట్టారు. తర్వాత చాలా ఏళ్ళకి ఆ టేపుని నాకు తెలిసిన ఒక సంస్థకి ఇచ్చాను, అప్పటికి నా దగ్గర సరైన యంత్రం లేదు. వాళ్ళు సినిమా అయిపోగానే ఆపేసి, శుభ్రంగా డిస్కు చేసి పంపారు. టేపు తిరిగొచ్చింది కాబట్టి బతికిపోయాను. సొంత యంత్రం కొన్నాక చివరిదాకా తిప్పాను. శుభం కార్డు, తర్వాత చుక్కల వాన, తర్వాత తెర ఒక్క కుదుపు కుదిపి "గలాక్టిక్ గార్డియన్స్" మధ్యలోంచి పదకొండు నిమిషాలు. ఆ తర్వాత ఒక బ్రేక్‌ఫస్ట్ సీరియల్ యాడ్, మా ఊరి స్టేషన్ గుర్తు. నాకు మిగిలిన శనివారం అదే.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. ముందు క్యాసెట్ కిటికీలోంచి టార్చి వేసి టేపు చుట్టలు చూడండి. అంచుల వెంట తెల్లగా, పిండి చల్లినట్టుంటే అది బూజు. వీసీఆర్‌లో పెడితే హెడ్ పాడవుతుంది, ఆ తర్వాత పెట్టిన మంచి టేపులకీ అంటుకుంటుంది. అలాంటివి విడిగా కవర్లో పెట్టండి. మిగతావాటికి ట్యాబ్ ఉంటే విరిచేయండి. గరాజ్ చలిలోంచి ఇంట్లోకి తెచ్చాక ఒక రోజు అలాగే వదిలెయ్యండి, తేమ ఆరాలి. పాతికేళ్ళుగా కదలని టేపుని ముందు చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టాలి, అప్పుడే ఆడించాలి.

ఎవరికైనా ఇచ్చి మార్పిస్తుంటే నాలుగు మాటలు కాగితం మీద రాసివ్వండి. యాడ్స్ కోయొద్దు. మధ్యలో ఖాళీ వచ్చినా ఆపొద్దు, టేపు చివరిదాకా నడపాలి. వెడల్పు సాగదీయొద్దు. చిన్న సైజు ఫైలు మాత్రమే కాకుండా కుదించని అసలు ఫైలు కూడా ఇవ్వాలి. "యాడ్స్ తీసేసి శుభ్రం చేశాం" అని ఎవరైనా ఉచితంగా సాయం చెయ్యబోతే దండం పెట్టి టేపు వెనక్కి తెచ్చుకోండి. ఆరు గంటల వేగంలో రికార్డు చేసినవి ఏ యంత్రంలో రికార్డయ్యాయో దానిలోనే బాగా ఆడతాయి. మామగారింట్లో ఆ పాత వీసీఆర్ ఇంకా ఉంటే అడగండి, సిగ్గుపడకండి. ఇంకొకటి, ఆ టేపుల్లో మీ అత్తగారి గొంతు ఉంటుందని ఆశపడుతున్నారేమో. యాంటెన్నా నుంచి వచ్చిందే రికార్డవుతుంది, గదిలో మాటలు ఎక్కవు.

మీ తమ్ముడి సంగతి తేలిక. ఏ ప్రాంతపు డిస్కు ఆ ప్రాంతపు ప్లేయర్‌లోనే ఆడేలా తాళం వేస్తారు: ఇక్కడి డీవీడీలు రీజియన్ 1, ఇండియావి రీజియన్ 5. బ్లూ-రే అయితే ఇక్కడ ఏ, అక్కడ సీ. ఆయన ప్లేయర్ అన్ని రీజియన్లూ ఆడించేదయితేనే పంపండి. టేపులు అసలు పంపకండి, ఇక్కడివి ఎన్‌టీఎస్‌సీ, అక్కడివి పాల్, రెండూ వేర్వేరు టీవీ పద్ధతులు. ఎనభై ఏడులో మా మామయ్యకి గుడివాడకి ఒక కార్టూన్ క్యాసెట్ పంపాను. వాళ్ళ వీసీఆర్‌లో స్పైడర్ మాన్ నలుపు తెలుపుల్లో పైనుంచి కిందికి దొర్లుతూ వచ్చాడట. "మీ అమెరికా సాలీడు గోడెక్కలేక జారిపోతున్నాడ్రా" అని ఉత్తరం రాశాడు.

పుట్టినరోజు శనివారం పడకపోయినా ఆ వారంలో శనివారం చూసుకోండి. ఫైలు తయారయ్యాక పొద్దున ఎనిమిదింటికి పెట్టండి, రిమోట్ ఆయన చేతికివ్వకండి, యాడ్స్ దాటించనివ్వకండి. ఈలోగా ఆ పిల్లచేతి రాత క్యాసెట్లు బల్లమీద పరిచి, కిటికీ వైపు కనిపించేలా దగ్గరనుంచి ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. ఏవి ఆడించొచ్చో, ఏవి ముందు శుభ్రం చేయించాలో చూసి చెబుతాను. తెల్లగా ఏమైనా కనబడితే మాత్రం ఫోటో కోసం కూడా మూత తెరవకండి.